‘మీరెప్పుడు వెళ్ళిపోతున్నారు?’ అని ఆ అవ్వ ఎందుకు అడిగిందంటే

ప్రశ్న: మేం కెనడా ఉత్తరాన ఇకాలుయిట్‌లో ఏడేళ్ళుగా ఉంటున్నాం. మావారు ప్రభుత్వ ఆఫీసులో అకౌంట్స్ చూస్తారు, నేను పిల్లల డేకేర్‌లో పనిచేస్తున్నాను. బాబు ఇక్కడే పుట్టాడు, వాడికి ఆరేళ్ళు. వాడు పుట్టినప్పుడు పక్కింటి ఇనూయిట్ (ఇనూయిట్లంటే ఇక్కడి ఆదివాసులు) అవ్వ, అంతకు కొన్ని నెలల ముందే పోయిన తన తమ్ముడి పేరు వాడికి పెట్టింది. మేం పెట్టిన పేరు వేరే ఉన్నా ఆవిడ మాత్రం తమ్ముడనే పిలుస్తుంది. మొన్న ఊరి విందులో ఆవిడే అందరి ముందూ ‘మీరెప్పుడు వెళ్ళిపోతున్నారు?’ అని అడిగింది. ఏడేళ్ళయ్యాక కూడా ఇదే మాటా అని ప్రాణం చివుక్కుమంది. ఇంటికొచ్చి చెబితే మావారు ‘నేను మొదట్నుంచీ చెప్తున్నా, మనం ఇక్కడివాళ్ళం కాదు, టొరంటో వెళ్ళిపోదాం’ అన్నారు. పోయినేడాది రాజమండ్రిలో మామగారు పోయినప్పుడు మంచుతుఫానుకి రెండు రోజులు విమానాలు ఆగిపోయి మావారు కడసారి చూపుకి అందుకోలేకపోయారు. అప్పట్నుంచీ ఈ ఊరంటేనే ఆయనకి పడటం లేదు. అత్తగారేమో ఫోన్ చేసినప్పుడల్లా ‘ఆ మంచులోంచి ఎప్పుడు బయటపడతారే’ అంటారు. నాకు మాత్రం ఇది మా ఊరే అనిపిస్తుంది. అలా అనుకునే హక్కు నాకుందా?
– ఒక సోదరి, ఇకాలుయిట్

జవాబు: అమ్మా, రెండు సంగతులు పక్కపక్కనే రాసి, రెంటినీ కలిపి చూడలేదు మీరు. ఆ అవ్వ మీ బాబుకి తన తమ్ముడి పేరు పెట్టింది. ఆ అవ్వే మీరెప్పుడు వెళ్ళిపోతున్నారని అడిగింది. రెండోది ముల్లులా గుచ్చుకోవడంతో మొదటిది మీ కంటికి ఆనలేదు. నేను ఆ మొదటిదాని దగ్గరే మొదలుపెడతాను.

ఇనూయిట్లు పోయినవాళ్ళ పేరు పుట్టినవాళ్ళకి పెడతారు. పేరుతోపాటు ఆ మనిషి కూడా కొంత తిరిగి వస్తాడని వాళ్ళ నమ్మకం, దాంతో వరసలూ వస్తాయి. తండ్రి పేరు పెట్టుకున్న పసివాణ్ణి కూతురు ‘నాన్నా’ అని పిలుస్తుంది. మీరున్న బాఫిన్ దీవి వైపు, ఒకరి పేరు మోసేవాళ్ళని ‘సౌనిక్’ అంటారు. ఆ మాటకి ఎముక అని అర్థం.

ఇది మనకేం కొత్త కాదు. మా పెద్దన్నయ్యది మా తాతగారి పేరు. మా నాయనమ్మ వాణ్ణి ఒక్కనాడు పేరు పెట్టి పిలవలేదు. వాడు అల్లరి చేస్తే అమ్మ కర్ర తీసేది, నాయనమ్మ అడ్డుపడి ‘మీ మామగారి మీద చెయ్యెత్తుతావుటే’ అనేది. అమ్మ చెయ్యి అక్కడే ఆగిపోయేది. మీ ఇళ్ళల్లోనూ ఇలాంటివి జరిగే ఉంటాయి. పిల్లవాడి ఒంట్లో పెద్దాయన ఉన్నాడని మన ముసలమ్మలు నమ్మినట్టే ఆ అవ్వ నమ్ముతోంది.

ఇప్పుడు ఆవిడ ప్రశ్న ఇంకోసారి వినండి. ఆవిడ తమ్ముడు ఒకసారి వెళ్ళిపోయాడు. మీ ఇంట్లో మళ్ళీ పుట్టాడు. మీరు సామాను సర్దుకుంటే మళ్ళీ వెళ్ళిపోతాడు. ‘మీరు మావాళ్ళు కాదు, ఎప్పుడు పోతారు’ అని ఆవిడ అడిగిందని మీరనుకున్నారు. ‘నా తమ్ముణ్ణి ఎప్పుడు తీసుకుపోతారు’ అని అడిగిందేమోనని నాకనిపిస్తోంది. ఆవిడ మనసులోకి నేను తొంగిచూడలేను. కానీ పోతే పోనీ అనుకునే మనిషి ఆ సంగతి అడగదు, అడగాల్సిన అవసరం ఆవిడకి ఉండదు.

ఆ ఊళ్ళో ‘వెళ్ళడం’ అనే మాటకున్న బరువు కూడా మీకు తెలియాలి. 1576లో మార్టిన్ ఫ్రోబిషర్ అనే ఇంగ్లీషువాడు మీ సముద్రపాయలోకి ఓడ వేసుకొచ్చి ఒక ఇనూయిట్ మనిషిని పట్టుకుపోయాడు. ఆ మనిషి ఇంగ్లండు చేరిన కొద్దిరోజులకే చనిపోయాడు. పట్టుకుపోయినవాడి పేరు మాత్రం ఆ సముద్రపాయకి ఇవాళ్టికీ ఉంది, ఊరికైతే 1987 దాకా ఉంది. ఆ ఏడాదే ఊరికి ఇకాలుయిట్, అంటే చేపలు పుష్కలంగా ఉన్నచోటు, అన్న సొంత పేరు తిరిగొచ్చింది. ఇంకా దగ్గరి సంగతి చెప్తాను. 1950ల్లో సి.డి. హౌ అనే ప్రభుత్వపు ఓడ ఏటా వేసవిలో ఆ తీరాలకి వచ్చేది. ఓడలోనే ఎక్స్‌రే తీసేవాళ్ళు. క్షయ ఉందని తేలితే ఇంటికెళ్ళి చెప్పి రావడానికి కూడా చాలామందిని దిగనివ్వలేదు, అటునుంచటే దక్షిణాది శానటోరియాలకి తీసుకుపోయారు. ఎందరో తిరిగి రాలేదు. ఎక్కడ పూడ్చారో కూడా ఇంటివాళ్ళకి చెప్పలేదు. 2019 మార్చిలో అప్పటి కెనడా ప్రధాని ట్రూడో మీ ఊరికే వచ్చి దానికి క్షమాపణ చెప్పాడు. మీ పక్కింటి అవ్వ వయసు మీరు రాయలేదు గానీ, ఆ ఓడ కోసం ఒడ్డున చూసిన పిల్లల తరమే అయ్యుంటుంది.

తర్వాతి రోజుల్లో టీచర్లు, నర్సులు, పోలీసులు, ఆఫీసర్లు రెండేళ్ళకీ మూడేళ్ళకీ వచ్చి వెళ్ళారు. ప్రతి మనిషీ వచ్చిన కొత్తలో ఈ ఊరు చాలా బాగుందనే అన్నాడు.

ఈ నొప్పి నేను అవతలివైపు నుంచి ఎరుగుదును. మా నాన్న పాడేరు ఏజెన్సీలో టీచరు. నాకు పదేళ్ళు వచ్చేదాకా అక్కడే పెరిగాను. సంతకొచ్చే ఒక గిరిజన ఆవిడ అల్లం, పిప్పళ్ళు తట్టలో పెట్టుకుని మా ఇంటిమీదుగానే వెళ్ళేది. వాకిట్లో తట్ట దించి నా జడ విప్పి మళ్ళీ అల్లి గాని వెళ్ళేది కాదు. నాన్నకి బదిలీ అయిందని తెలిసిన వారం నుంచి ఆవిడ దారి మార్చేసింది. లారీ ఎక్కేరోజు కూడా రాలేదు. ఎంత కోపం వచ్చిందో! పెళ్ళై, ఇద్దరు పిల్లల తల్లినయ్యాక ఒకరోజు మా అమ్మాయి జడ అల్లుతుంటే ఉన్నట్టుండి తట్టింది. ఆవిడ నన్ను వదిలేయలేదు, నేను వెళ్ళేది చూడలేకపోయింది. మీ అవ్వ ఆవిడకన్నా ధైర్యస్తురాలు. దారి మార్చుకోకుండా ఎదురుగా నిలబడి అడిగింది.

ఇక మీ హక్కు సంగతి. ఏజెన్సీలో మేం ఎన్నేళ్ళున్నా సెంటు భూమి కొనడానికి లేదు, 1/70 చట్టం ఒప్పుకోదు. అది న్యాయమేనని నాన్న ఎప్పుడూ అనేవారు. మీ దగ్గరా అంతే. 2016 మేలో మీ ఊరు రాజధానిగా ఉన్న నూనవుట్ ప్రాంతమంతటా ఓటు పెట్టారు, ఊళ్ళోని స్థలాలు అమ్మే అధికారం మున్సిపాలిటీలకి ఇవ్వాలా అని. 25 ఊళ్ళలో ఒక్క ఊరు కూడా సరేననలేదు. ఇల్లు కట్టుకోవచ్చు, కింద నేల లీజే. కాబట్టి ‘ఈ ఊరు నాది’ అనే మాట మీకు కుదరదు, దానికోసం తాపత్రయపడకండి. ‘నేను ఈ ఊరిదాన్ని’ అనే మాట ఇంకొకటుంది. దానికి దస్తావేజు అక్కర్లేదు. డేకేర్‌లో ఉదయం ఏడుస్తూ వచ్చిన పిల్ల మీ చంక దిగనంటే, తుఫాను వచ్చే ముందు పక్కింటివాళ్ళు మీ నీళ్ళ ట్యాంకు నిండిందో లేదో అడిగితే, వేట మాంసం పంచేటప్పుడు మీ గుమ్మం ముందు ఒక కవరు పెట్టి వెళ్తే, ఆ మాట ఎదుటివాళ్ళు ఎప్పుడో అనేశారు.

నూనవుట్ అంటే వాళ్ళ భాషలో ‘మన నేల’. తెలుగులోకి తెచ్చుకునేటప్పుడు మాత్రం మనం తడబడతాం, ఎందుకంటే మనకి ‘మా’ వేరు, ‘మన’ వేరు. బయటినుంచి వచ్చినవాళ్ళు ముందుగా ‘మన’ అనడం నాకు నచ్చదు, అది చొరవ కాదు, చొరబాటు. వాళ్ళు అనాలి. మీ విషయంలో ఆ అవ్వ పురిటి మంచం దగ్గరే అనేసింది.

మీవారి దగ్గరికొద్దాం. ఈ ఉత్తరంలో నాకు ఎక్కువ బెంగ కలిగింది ఆయన గురించే. ఆయన ఊరిమీద కోపగించడం లేదమ్మా. కొడుకై ఉండి తండ్రికి కొరివి పెట్టలేకపోయాడు. రెండు రోజులు కిటికీలోంచి తెల్లగా సుడి తిరిగే మంచు చూస్తూ కూర్చున్నాడు. ఆ మంచుని తిట్టడం తేలిక, కాబట్టి దాన్నే తిడుతున్నాడు. మీరు ఊరిని వెనకేసుకొచ్చినప్పుడల్లా తన దుఃఖాన్ని కాదన్నట్టు ఆయనకి వినిపిస్తుంది. ఇక్కడ మీ పొరపాటు కొంత ఉంది, చెప్పకపోతే నేను పెద్దదాన్ని ఎలా అవుతాను. కొంతకాలం టొరంటోనా ఇకాలుయిట్టా అన్న వాదన ఆపండి. ఒకరోజు రాత్రి బాబు పడుకున్నాక, ‘ఆ రెండు రోజులూ మీకేం అనిపించింది’ అని అడిగి, ఆయన చెప్పేదాకా ఊరుకోండి. మీరేం ఓదార్చనక్కర్లేదు.

ఏడాది అయిందంటున్నారు. సంవత్సరీకం ఇంకా దాటకపోతే ఇప్పుడే టిక్కెట్లు చూడండి. ఒట్టావా దాకానే మూడు గంటల ప్రయాణం, అక్కణ్ణుంచి ఇంకెన్ని విమానాలో మీకే తెలుసు. కాబట్టి తిథికి పదిరోజుల ముందే రాజమండ్రిలో ఉండేలా బయల్దేరండి, ముగ్గురూ. గోదావరి ఒడ్డున ఆయన చేతులతో ఆ పిండం పెట్టనివ్వండి. దాటిపోయి ఉంటే ఈ తిథికి ఏం చెయ్యొచ్చో మీ పురోహితుణ్ణి అడగండి, దారి చెప్తారు. అత్తగారికి ఒంట్లో బాగాలేకపోతే ఎవరు ముందు బయల్దేరాలి, డబ్బు ఎక్కడ సిద్ధంగా ఉంటుంది అన్నది అక్కడున్నప్పుడే ఆవిడ ఎదుటే మాట్లాడుకోండి. ‘మంచులోంచి ఎప్పుడు బయటపడతారే’ అన్న మాటలో ఆవిడ అడిగేదీ అదే, నాకు ఏదైనా అయితే వస్తారా అని.

ఇంకొకటి. డిసెంబరులో మీకు పగలు నాలుగున్నర గంటలు కూడా సరిగా ఉండదు. దుఃఖంలో ఉన్న మనిషికి ఆ చీకటి మంచిది కాదు. ఆయనకి నిద్ర పట్టకపోయినా, తిండి తగ్గినా ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించండి.

తిరిగొచ్చాక, ఉండాలా వెళ్ళాలా అన్నది ఇద్దరూ ఒక తేదీ పెట్టుకుని తేల్చుకోండి. వెళ్ళాలనే తేలితే నేను మిమ్మల్ని తప్పుపట్టను. మీవారికి అక్కడ ఊపిరాడకపోతే మీరొక్కరే ఆ ఊరిదానిగా ఉండి ఏం సుఖపడతారు? వెళ్ళినా బాబు పేరు పోదు. ఏటా వేసవిలో వాణ్ణి ఆవిడకి చూపించి తీసుకురండి, వారానికోసారి ఫోన్‌లో మాట్లాడించండి. ఉండాలనే తేలితే బాబుతో కలిసి మీవారు కూడా వాళ్ళ భాష మొదలుపెట్టాలి. ఆఫీసు, ఇల్లు తప్ప ఆయనకి ఆ ఊళ్ళో ఇంకో గడప లేదనిపిస్తోంది మీ ఉత్తరం చూస్తే.

బాబు గురించి మీరు చివర్లో ఒక ముక్క రాశారు, దాన్ని పైన వేయలేదు. నాయనమ్మ వీడియో కాల్‌లో ‘అన్నం తిన్నావా నాన్నా’ అంటే వాడు మాట్లాడకుండా కనుబొమ్మలు పైకెత్తుతాడని, ఆవిడ ‘వీడు పలకడేమే’ అని బాధపడుతుందని. ఇనూయిట్లు అవునని అలాగే అంటారు, కాదంటే ముక్కు చిట్లిస్తారు. వాడు పలుకుతూనే ఉన్నాడని నాయనమ్మకి చెప్పండి. ఆవిడకీ నేర్పండి, సరదాపడుతుంది.

అవ్వ దగ్గరికి మాత్రం ఈ వారంలోనే వెళ్ళండి. బాబుని వెంటబెట్టుకెళ్ళండి. ‘వెళ్తామో ఉంటామో ఇంకా తెలీదు. తెలిసిన రోజున మొదట మీకే చెప్తాం. చెప్పకుండా మీ తమ్ముణ్ణి తీసుకుపోం’ అనండి. అంతకన్నా ఎక్కువ మాట ఇవ్వకండి, ఆ ఊళ్ళో నిలబడని మాటలు చాలా అయ్యాయి. ఆవిడ వెంటనే ఏమీ అనకపోవచ్చు. టీ పోస్తే కూర్చుని తాగి రండి.