కడప జిల్లాలో మాగ్నోలియా: మొక్క కంటే ముందు మట్టినీ నీళ్ళనీ చూడండి

అక్కా, మీరు అడిగినవి మూడు. ప్రొద్దుటూరులో కొత్త ఇంటి ముందు 12 అడుగుల జాగాలో ఏ మాగ్నోలియా, అంటే సంపంగి జాతి చెట్టు, పెట్టొచ్చు? మిద్దె మీద కుండీల్లో ఏవి బతుకుతాయి? ఆర్నెల్ల కింద ప్రహరీ పక్కన నాటిన మొక్కకు కొత్త ఆకులు ఎందుకు పసుపు తిరుగుతున్నాయి? మూడోదానితో మొదలుపెడతాను. అది తేలితే మిగతా రెండూ వాటంతటవే తేలతాయి.

మన సీమలో మాగ్నోలియా చస్తే అందరూ ఎండనే తిడతారు. ఎండ సగం కూడా కారణం కాదు. అసలు శత్రువు సున్నం. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, బేతంచెర్లలో బండల గనులు ఊరికే రాలేదు, నేల కిందంతా సున్నపురాయే. బోరు నీళ్ళు ఆ రాతిలోంచే వస్తాయి. బకెట్ అంచున, కొళాయి మూతి దగ్గర తెల్లటి చార గట్టిపడుతుంది చూడండి, అదే రోజూ మీ మొక్క వేళ్ళ దగ్గరా పేరుకుంటోంది. మాగ్నోలియా జాతికి కాస్త పులుపు నేల కావాలి, పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5.5 నుంచి 6.5 మధ్య. సున్నపు నేలల్లో అది 8 దాటుతుంది. అక్కడ మట్టిలో ఇనుము ఎంత ఉన్నా వేరుకు అందదు. మన ఎర్రమట్టి ఎరుపంతా ఇనుమే, అయినా సున్నం దాన్ని కరగనివ్వదు.

మీ మొక్కకు జరిగింది ఇదేనా అని ఇంట్లోనే తేల్చుకోవచ్చు. కొమ్మ చివర కొత్తగా విచ్చుకున్న ఆకు ఒకటి తెంపి వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. ఈనెలు ఆకుపచ్చగా ఉండి, వాటి మధ్య భాగమంతా నిమ్మపండు రంగుకు తిరిగి, పసుపు గుడ్డ మీద పచ్చదారంతో వల అల్లినట్టు కనబడితే అది ఇనుము అందకపోవడమే. అలా కాక కొమ్మ అడుగున ఉన్న పాత ఆకు ఈనెలతో సహా పసుపై రాలితే అది వయసు, లేదా నత్రజని తక్కువ. కంగారు అక్కర్లేదు. అంచులు మాత్రం గోధుమ రంగులో కరకరలాడితే నీళ్ళలో ఉప్పు ఎక్కువ, లేదా వడగాలి. మట్టి తడిగా ఉండగానే చెట్టంతా వాలిపోతే వేరు కుళ్ళు. ఈ నాలుగింటికీ మందులు వేరు వేరు. అన్నిటికీ ఒకటే ‘టానిక్’ అమ్మే దుకాణాలను నమ్మొద్దు.

తర్వాత మట్టి. వేరు దగ్గర్నించి చెంచాడు తీసి దాని మీద వెనిగర్ పోయండి. బుసబుసమని పొంగితే సున్నం ఉన్నట్టే. కొత్త ఇల్లు, అందులోనూ ప్రహరీ పక్కన అన్నారు కాబట్టి పొంగుతుందనే నా అంచనా. కట్టేటప్పుడు రాలిన సిమెంటు, మాల్, బండలు కోసిన పొడి అన్నీ గోడ వారనే పూడ్చేస్తారు. గడ్డపారతో అడుగు లోతు తవ్వితే బూడిదరంగు పెళ్ళలు కనబడతాయి. అలా ఉంటే మందులతో లాగకండి, మొక్కను అక్కడినుంచి తీయాల్సిందే. మాగ్నోలియా వేళ్ళు కండ పట్టి, పెళుసుగా ఉంటాయి. తెగితే కుళ్ళుతాయి, తొందరగా మళ్ళీ పుట్టవు. అందుకని వేసవిలో ముట్టుకోవద్దు. సెప్టెంబరు, అక్టోబరులో ముసురు పట్టిన రోజు చూసుకుని, చుట్టూ అడుగున్నర వెడల్పు మట్టిగడ్డ విడిపోకుండా గోనెసంచిలో ఎత్తి మార్చండి.

ఈలోగా ఆకుకు పిచికారీ. శెనగ, చీనీ రైతులకు ఇది బాగా తెలిసిన వైద్యమే: లీటరు నీటికి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) 1 గ్రాము. ముందు నిమ్మ ఉప్పు కరిగించి ఆ తర్వాతే అన్నభేది వేయాలి. తిరగేసి వేస్తే నీళ్ళు తుప్పురంగుకు మారతాయి, అలా మారినవి పారబోయడమే. బోరు నీళ్ళు కాకుండా ఫిల్టర్ నీళ్ళు వాడండి. సాయంత్రం పూట, ఆకు రెండు వైపులా తడిసేలా, 10 రోజులకోసారి మూడుసార్లు చాలు. బండల మీద పడితే తుప్పు మరక పోదు, కింద గోనె పరచండి. పిచికారీ పడిన చోటే పచ్చబడుతుంది, ఆ తర్వాత వచ్చే కొత్త ఆకు మళ్ళీ పాలిపోయే వస్తుంది. వేరు ద్వారా ఇవ్వాలంటే ఐరన్ చిలేట్ (వేరుకు అందే రూపంలో కట్టిన ఇనుము) కొనండి, కానీ ప్యాకెట్ మీద ఈడీడీహెచ్ఏ అని ఉండాలి. చవగ్గా దొరికే ఈడీటీఏ రకం పిచికారీకి పనికొస్తుంది గానీ సున్నపు మట్టిలో పోస్తే పని చేయదు. 18 అంగుళాల కుండీకి ఈడీడీహెచ్ఏ 5 గ్రాములు నీళ్ళలో కలిపి, పొద్దు వాలాక పోసి, పైన ఇంకొంచెం నీళ్ళు పోయండి. వెలుతురు తగిలితే పాడయ్యే మందు అది, లోపలికి దిగిపోవాలి.

ఇక రకాలు. ముందు మీ దగ్గర ఉన్నది మాగ్నోలియానేనా అన్నది చూడండి. మన దగ్గర సంపంగి పేరుతో నాలుగైదు రకాల మొక్కలు తిరుగుతున్నాయి. నేల సంపంగి దుంప మొక్క, లిల్లీ అని దండల్లో కట్టేది. ఆకు సంపంగి, అంటే పచ్చటి పూల తీగ, సీతాఫలం కుటుంబానిది. ఆన్‌లైన్‌లో ‘చంపా’ అని పెట్టేది చాలాసార్లు దేవగన్నేరు. అసలైనదాన్ని గుర్తుపట్టడం తేలిక. మాగ్నోలియాల్లో ప్రతి ఆకు మొగ్గకూ ఒక తొడుగు ఉంటుంది. ఆకు విచ్చుకున్నాక అది రాలి, ఆ కణుపు దగ్గర కొమ్మ చుట్టూ ఉంగరంలాంటి గీత మిగులుతుంది. లేత కొమ్మ మీద గోరు పెట్టి కిందికి జరపండి, ప్రతి ఆకు దగ్గరా ఆ గీత తగలాలి. తగలకపోతే అది వేరే చెట్టు.

నేలలో పెట్టడానికి నా ఓటు మన సంపంగికే. ఇది కూడా మాగ్నోలియానే. ఇదివరకు మైఖేలియా అని వేరుగా చెప్పేవారు, ఇప్పుడు మాగ్నోలియా ప్రజాతిలోనే కలిపారు. వేడికి ఇది తట్టుకున్నంతగా విదేశీ రకాలేవీ తట్టుకోవు. పసుపు, నారింజ పూలది కావాలంటే అంటు మొక్కే తీసుకోండి. రెండు మూడేళ్ళలో పూస్తుంది, విత్తనం మొక్కకు ఏడెనిమిదేళ్ళు కూడా పట్టొచ్చు. ప్యాకెట్లలో వచ్చే ఎండు విత్తనాలకు డబ్బు పెట్టకండి. సంపంగి గింజ ఆరితే కొద్ది వారాల్లోనే మొలిచే గుణం పోతుంది. చెట్టు నుంచి తాజాగా కోసి, ఎర్రటి గుజ్జు కడిగి వెంటనే విత్తినా మొలకకు రెండు మూడు నెలలు పడుతుంది.

తెల్ల సంపంగి ఒక సంకరం, గింజ పట్టదు, కాబట్టి దొరికేదంతా అంటు మొక్కే. తరచుగా పసుపు సంపంగి మొదలు మీదే కడతారు. అంటు ముడి కింద నుంచి వచ్చే చిగుళ్ళను కనబడగానే గిల్లేయాలి. వదిలేస్తే రెండేళ్ళకు తెల్ల కొమ్మ అణిగిపోయి పసుపు పూలు మొదలవుతాయి, అమ్మినవాళ్ళు మోసం చేశారనుకుంటాం.

హిమచంపకం, అదే పెద్ద తెల్లపూల గ్రాండిఫ్లోరా, బెంగళూరులో హాయిగా పెరుగుతుంది. దాని సొంతూరు అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలు. అక్కడా ఎండ ఉంది, కానీ వాన, గాలిలో తేమ కూడా ఉన్నాయి. హిందూపురం, మడకశిర వైపు వాళ్ళు ధైర్యంగా ప్రయత్నించొచ్చు. ప్రొద్దుటూరులో, కర్నూలులో అయితే వాననీళ్ళు పట్టిపెట్టుకునే ఏర్పాటుంటేనే, అది కూడా లిటిల్ జెమ్ అనే పొట్టి రకం, తూర్పు వైపు మాత్రమే. ఆకులు రాల్చి మోడు కొమ్మల మీద గులాబీ పూలు పూసే చైనా రకాలు, ఫోటోల్లో అందరూ చూసి మురిసేవి, వద్దు. వాటి మొగ్గ తెరుచుకోవడానికి చలికాలంలో వారాల తరబడి గట్టి చలి కావాలి. మన దగ్గర జనవరి రాత్రులు 15 నుంచి 18 డిగ్రీల దగ్గర తిరుగుతాయి. ఆ చలి వాటికి చాలదు.

నేలలో గొయ్యి 3 అడుగుల చదరం, 3 అడుగుల లోతు. రాత్రి దాని నిండా నీళ్ళు పోయండి. తెల్లారేసరికి ఇంకిపోతే మంచిది. ఇంకకపోతే, నల్లరేగడిలో ఇదే జరుగుతుంది, గొయ్యి లోతు పెంచితే ఇంకా కీడు. గట్టి నల్లమట్టిలో తేలికపాటి మట్టి నింపిన గొయ్యి తొట్టిలా మారి వాననీళ్ళను పట్టి ఉంచుతుంది. అక్కడ గొయ్యి మానేసి, పైన అడుగు ఎత్తు, ఆరడుగుల వెడల్పు దిబ్బ పోసి దాని మీద నాటండి. సున్నం లేని ఎర్రమట్టి తెప్పించుకోండి, వెనిగర్ పరీక్ష చేశాకే ట్రాక్టరు దింపించుకోండి. రెండు గంపల మాగిన పశువుల ఎరువు, రెండు గంపల కుళ్ళిన ఆకు, కిలో వేపపిండి కలపండి. బూడిద, గుడ్డు పెంకులు, ఎముకల పొడి వేయకండి. మొదటి రెండూ సున్నాన్ని పెంచుతాయి, మూడోది ఆ సున్నంతో పాటు భాస్వరాన్నీ పెంచి ఇనుమును ఇంకా బిగిస్తుంది. భాస్వరం ఎక్కువుండే డీఏపీ ఎరువు కూడా అందుకే వద్దు. అంటు ముడి మట్టిపైన నాలుగు వేళ్ళ ఎత్తులో ఉండాలి. పైన శెనక్కాయ పొట్టు 3, 4 అంగుళాల మందాన పరచి, కాండం చుట్టూ జానెడు ఖాళీ వదలండి. చెదలు వస్తే పొట్టును కొంచెం దూరం జరపండి, తీసేయొద్దు. ఈ చెట్టు వేళ్ళు పైపైనే పారతాయి, ఎండకు ఉడకకుండా ఆ పొట్టే కాపాడుతుంది. మొదలు చుట్టూ పారతో తవ్వి పాదు తీసే అలవాటు మానుకోవాలి.

మొదటి ఏడాది వారానికి రెండుసార్లు 15 లీటర్ల చొప్పున, మార్చి నుంచి జూన్ దాకా రోజు మార్చి రోజు. డ్రిప్ ఉంటే గంటకు 4 లీటర్ల డ్రిప్పర్లు రెండు, రెండు గంటలు. ఎండ కంటే ఆషాఢం గాలికి మొగ్గలు ఎక్కువ రాలతాయి. పడమర వైపు ఒక గ్రీన్ నెట్ నిలువుగా కడితే ఆ బాధ తగ్గుతుంది.

మిద్దె మీదికి తెల్ల సంపంగి అంటు ఒకటి, మాగ్నోలియా ఫిగో ఒకటి పెట్టుకోండి. ఫిగో పొదలా పెరిగే రకం, పూలు అరటిపండు వాసన వేస్తాయి. కుండీకి ఇంతకంటే ఒద్దికైన మాగ్నోలియా లేదు. మట్టి పాళ్ళు: ఎర్రమట్టి 2, కొబ్బరి పొట్టు 2, కుళ్ళిన ఆకు 1, వడ్ల ఊక 1. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది. నానబెట్టి పిండడం మూడుసార్లు చేశాకే కలపండి, ఇక్కడ బద్ధకిస్తే అంచులు మాడిన ఆకులే కనబడతాయి. 8 అంగుళాల కుండీ నుంచి 12కు, ఏడాదికి 16కు, ఆ తర్వాత 18కి మార్చుకుంటూ పోవాలి. చిన్న మొక్కను ఒకేసారి పెద్ద కుండీలో పెడితే వేరు అందని మట్టి తడిగానే ఉండిపోయి పులిసిపోతుంది. తడిసిన 18 అంగుళాల కుండీ 60 కిలోల దాకా తూగుతుంది, బీము మీదకో గోడ వారకో జరిపి పెట్టండి. కింద రెండు ఇటుకలు వేసి ఎత్తండి. మే నెలలో మిద్దె కాలితే అడుగు వేళ్ళు ఉడికిపోతాయి. మార్చి నుంచి జూన్ దాకా 50 శాతం నీడ వల కట్టాలి.

కుండీకి నీళ్ళే అసలు ఖర్చు. వాననీళ్ళు అన్నిటికంటే మేలు. 100 చదరపు అడుగుల మిద్దె మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 90 లీటర్లు దిగుతాయి, ఒక పైపు, రెండు డ్రమ్ములు చాలు. ఏసీ నుంచి కారే నీళ్ళూ మంచివే. ఫిల్టర్ మిషన్ వదిలేసే వృథా నీళ్ళు మాత్రం పోయొద్దు, తీసేసిన ఉప్పంతా అందులోనే ఉంటుంది. బోరు నీళ్ళు తప్పకపోతే 10 లీటర్లకు 3, 4 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, పీహెచ్ కాగితంతో చూసి 6 దగ్గరకు తెచ్చుకోండి. నిమ్మ ఉప్పు సున్నపు గుణాన్ని విరుస్తుంది గానీ నీళ్ళలోని ఉప్పును తీయదు. నోటికి ఉప్పగా తగిలే బోరైతే ఈ చిట్కా పనికిరాదు. వానాకాలంలో నెలకోసారి అమ్మోనియం సల్ఫేట్ 5 గ్రాములు కరిగించి తడి మట్టికే పోయండి, నేలను కాస్త పులుపుగా ఉంచుతుంది. మరీ బోరు మీద ఆధారపడినప్పుడు నెలకోసారి కుండీ ఎంత పడితే అన్ని మంచినీళ్ళు నెమ్మదిగా పోసి అడుగు రంధ్రంలోంచి ఉప్పు కడిగేయాలి.

పురుగులు తక్కువే. కొమ్మకు అంటుకుని గోధుమ రంగు పొలుసులు, చీమలు, ఆకు మీద మసి కనబడితే లీటరుకు వేపనూనె 5 మిల్లీలీటర్లు, కొంచెం సబ్బు కలిపి కొట్టండి, పాత బ్రష్‌తో రుద్దినా పోతాయి. లేతాకులు తినే ఆకుపచ్చ గొంగళి కనబడితే మందు కొట్టకండి. నలుపు మీద పచ్చచుక్కల సీతాకోకచిలుక పిల్ల అది, నాలుగు ఆకులు పోతే చెట్టుకేం కాదు.

మీ 12 అడుగుల జాగా సంగతి. సంపంగి ఇళ్ళ దగ్గర 30, 40 అడుగులు పోతుంది, గోడకూ డ్రైనేజీకీ కనీసం 10 అడుగులు ఉండాలి. అటు ఇల్లు, ఇటు ప్రహరీ ఉన్న 12 అడుగుల్లో ఆ దూరం కుదరదు. తెల్ల సంపంగి అంటునే జాగాకు సరిగ్గా నడిమిన దిబ్బ మీద నాటి, పూత అయ్యాక ఏటా కొసలు మాత్రం గిల్లుతూ 12 అడుగుల లోపు ఉంచండి. పూలు కొత్త చిగుళ్ళ ఆకు సందుల్లో వస్తాయి కాబట్టి కొస గిల్లితే పూత పెరుగుతుంది. బొటనవేలి కంటే లావు కొమ్మ కోయకండి, ఆ గాయం మానడం చాలా ఆలస్యం.