స్టూడియో ఆర్ట్, కళా చరిత్ర: రెండూ కలిపి చదవచ్చు

విదేశంలో డిగ్రీ చేయాలంటే పెయింటింగ్, కళా చరిత్రల్లో ఒకటి వదులుకోవాలా అని అడిగారు. అక్కర్లేదండీ. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరా యూనివర్సిటీలో 5 ఏళ్ల ఫైన్ ఆర్ట్ ఎం.ఏ. ఉంది. పేరు ఎం.ఏ. అయినా స్కూలు చదువు అవగానే చేరొచ్చు, రెండూ కలిపే నేర్పుతారు. అమెరికాలో బ్రౌన్ యూనివర్సిటీ, రోడ్ ఐలండ్ స్కూల్ ఆఫ్ డిజైన్ కలిసి ఇచ్చే జంట డిగ్రీ కూడా 5 ఏళ్లే. కాకపోతే రెండు చోట్లా విడివిడిగా సీటు రావాలి, ఆపైన ఉమ్మడి కమిటీ ఒప్పుకోవాలి. చాలా కష్టం.

మిగతా అమెరికన్ కాలేజీల్లో డిగ్రీ పేరు చూడండి. బి.ఎఫ్.ఏ.లో (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) సుమారు మూడింట రెండొంతులు స్టూడియో పనే. మీలాంటి వాళ్లకు బి.ఏ. నయమని నా అభిప్రాయం, చరిత్ర చదవడానికి చోటు మిగులుతుంది. పోర్ట్‌ఫోలియో, అంటే దరఖాస్తుతో పంపే మీ బొమ్మల సంకలనం గురించి టెన్షన్ వద్దు. పూర్తయిన బొమ్మలతో పాటు స్కెచ్‌బుక్ పేజీలు కూడా పెట్టండి, మీ ఆలోచన ఎలా సాగిందో వాటిలోనే తెలుస్తుంది.