గ్రీకు ట్రాజెడీలో హత్యలు తలుపు వెనకే ఎందుకు?

"గ్రీకు ట్రాజెడీల్లో హత్యలన్నీ తెర వెనకే జరుగుతాయి కదా, మన నాట్యశాస్త్రంలో లాగా వాళ్లకీ నిషేధం ఉండేదా?" అని అడిగారు.

ముందు ఆ తెర తీసేద్దాం. క్రీ.పూ. 5వ శతాబ్దపు ఏథెన్స్‌లో రంగస్థలానికి తెర లేదు. యవనిక (తెర) అనే మాటలో యవనులు, అంటే గ్రీకులు, వినబడతారు కాబట్టి గ్రీకులకు తెర ఉండేదని మనలో చాలామంది అనుకుంటారు. అక్రోపోలిస్ కొండ దక్షిణపు వాలులో, పట్టపగలు, ఆరుబయట ఆట. కోరస్ అనే బృందం ఆడిపాడే నేల, దాని వెనక స్కీనీ అనే చెక్క కట్టడం, దానికో పెద్ద తలుపు. హత్య జరిగేది ఆ తలుపు వెనక.

నిషేధమూ లేదు. అంకంలో మరణం చూపకూడదని నాట్యశాస్త్రం అంటుంది. అరిస్టాటిల్ మాత్రం అందరికీ కనబడేలా జరిగే మరణాలను ట్రాజెడీలో వచ్చే ఘట్టాల్లో లెక్కవేశాడు. గ్రీకు నాటకకర్త యూరిపిడీస్ రాసిన పాత్రలు ఆల్సెస్టిస్, హిప్పోలిటస్ ఇద్దరూ జనం కళ్లెదుటే ప్రాణం విడుస్తారు. మెడియా తన పిల్లల్ని జనం ముందు చంపకూడదు అన్నవాడు రోమన్ కవి హోరెస్, అదీ యూరిపిడీస్ 'మెడియా' ఆడిన 400 ఏళ్ల తర్వాత. ఆయన మాటను తీసుకెళ్లి గ్రీకుల నెత్తిన రుద్దారు. పరీక్షల గైడ్లలో "అరిస్టాటిల్ త్రి-ఐక్యతలు" (కథ, కాలం, స్థలం ఒక్కటిగా ఉండాలన్న నియమాలు) అని బట్టీ పట్టించేదీ ఇలాంటిదే. ఆయన గట్టిగా పట్టుబట్టింది కథ ఒక్కటిగా ఉండాలని మాత్రమే. స్థలం గురించిన నియమం 16వ శతాబ్దపు ఇటలీ విమర్శకులు చేర్చింది. మరో గ్రీకు నాటకకర్త ఎస్కిలస్ రాసిన 'యూమెనిడీస్' డెల్ఫీలో మొదలై ఏథెన్స్‌కు వెళ్లిపోతుంది.

మరి తలుపు వెనకే ఎందుకు? మాటలున్న నటులు ముగ్గురే, అన్ని పాత్రలూ వాళ్లే వేయాలి కాబట్టి. మిగతా కారణాలన్నీ దీని తర్వాతే. తెర లేని చోట, దీపాలు ఆర్పే వీలు లేని చోట, చచ్చి పడ్డ నటుడు లేచి వెళ్లలేడు. అతను వెళ్లకపోతే తర్వాతి పాత్రకు మనిషి లేడు.

క్రీ.పూ. 458లో ఆడిన ఎస్కిలస్ నాటకం 'అగమెమ్నాన్' చూడండి. ట్రాయ్ యుద్ధం నుంచి తిరిగొచ్చిన రాజు అగమెమ్నాన్, భార్య క్లైటెమ్నెస్ట్రా పరిపించిన నెత్తుటి రంగు వస్త్రాల మీద చెప్పులు విప్పి నడిచి లోపలికి వెళ్తాడు. అతను వెంట తెచ్చిన బందీ, జరగబోయేది తెలిసిన కసాండ్రా అంతసేపూ నోరు విప్పదు. మాటల్లేని వేషమేమో అని జనం అనుకునేంత మౌనం. ఆ తర్వాత ఒక్కసారిగా అపోలో దేవుణ్ణి పిలుస్తూ ఆక్రందిస్తుంది. లోపల జరగబోయేదంతా చెప్పేసి, తెలిసి తెలిసీ తలుపు దాటుతుంది. ఇప్పుడు లోపలి నుంచి రాజు కేక. కాసేపటికి రెండో కేక. బయట ఉన్న వృద్ధుల కోరస్ ఏం చేయాలో తేల్చుకోలేక, ఒక్కొక్కరూ రెండేసి పంక్తులు, మొత్తం 24 పంక్తులు తర్జనభర్జన పడతారు.

ఆ 24 పంక్తుల వ్యవధిలో లోపల పని నడుస్తుంది. వెండి తొట్టి, వల లాంటి వస్త్రం చుట్టిన రాజు శవం, పక్కన కసాండ్రా శవం, అన్నీ సర్దాలి. తలుపు తెరుచుకునేసరికి శవాలతో పాటు క్లైటెమ్నెస్ట్రా కనబడి, మూడు దెబ్బలు ఎలా వేసిందో లెక్కపెట్టి చెప్తుంది. వీటిని చక్రాల బల్ల మీద బయటికి తోశారని చాలామంది పండితుల అభిప్రాయం. ఆ శవాలు నటులవి కావు. అవి బొమ్మలో, మాటల్లేని మనుషులో అయ్యుండాలి. ఎందుకంటే సుమారు 200 పంక్తుల తర్వాత ఆమె ప్రియుడు ఏజిస్తస్ వచ్చి మాట్లాడతాడు. అగమెమ్నాన్ వేషం వేసినవాడో, కసాండ్రా వేషం వేసినవాడో ఆ పాత్ర కట్టి తీరాలి, నాలుగోవాడు లేడు. హతుడి గొంతే హంతకుల పక్షాన పలకడం నాకైతే ఆ నాటకంలో అన్నిటికన్నా భయంకరమైన సంగతి.

మాస్కుల వల్ల ఇది సాధ్యమైంది. గట్టిపరిచిన నారబట్టతో తల మొత్తం కప్పేవి, జుట్టుతో సహా. మాస్కు మారిస్తే మనిషే మారాడు. కానీ అదే మాస్కు మీద ప్రాణం పోతున్న బాధ కనబడదు, పై వరుసలవాళ్లకు కత్తీ కనబడదు. కేక మాత్రం అందరికీ వినబడుతుంది. అందుకే చావును చెవికి వదిలి, శవాన్ని కంటికి చూపించారు.

ఎదుట చావు పెట్టినప్పుడు ఎంత ఇబ్బందో ఇంకో గ్రీకు నాటకకర్త సోఫొక్లీస్ రాసిన 'ఏజాక్స్'లో తెలుస్తుంది. వీరుడు ఏజాక్స్ కత్తి మీద పడి చనిపోతాడు, శవం చివరిదాకా అక్కడే ఉండాలి. ఆఖరి ఘట్టంలోనేమో ట్యూసర్, అగమెమ్నాన్, ఒడిస్యూస్ ముగ్గురూ మాట్లాడతారు. అంటే ఏజాక్స్ నటుడు ఎలాగో జారుకుని, అతని చోట మరో శవం చేరాలి. అదెలా చేశారన్నదాని మీద ఇప్పటికీ వాదనలే.

మీరు 'అగమెమ్నాన్'ను తెలుగులో ఆడించే ఆలోచనలో ఉంటే, నిడివి తగ్గించాలని వృద్ధుల తర్జనభర్జనను కత్తిరించకండి. కేక వెంటనే తలుపు తెరిస్తే లోపలివాళ్లకు శవాలు సర్దే సమయం ఉండదు, జనానికి ఆ కేక మనసులో దిగే సమయమూ ఉండదు.