తెల్ల ఎల్‌ఈడీలు పాడైపోయాయా?

ప్రశ్న: ఆర్డ్యునో ఊనో (ప్రోగ్రామ్ రాసి నడిపించే చిన్న సర్క్యూట్ బోర్డు) 9వ పిన్‌కి ఒక 220 ఓమ్స్ రెసిస్టర్ పెట్టి, దానికి రెండు ఎర్ర ఎల్‌ఈడీలు, రెండు తెల్లవి పారలల్‌గా కలిపాను. ఎర్రవే వెలుగుతున్నాయి. వాటిని పీకేస్తే మాత్రం తెల్లవి వెలుగుతున్నాయి! తెల్లవి మార్చాలా? ఇంకోటి, వెలుగు తగ్గించే అనలాగ్‌రైట్ కమాండ్‌లో 128 (గరిష్ఠం 255లో సగం) ఇచ్చినా వెలుగు సగానికి తగ్గినట్టే అనిపించడం లేదు.

జవాబు: మార్చొద్దండీ. నేనూ ఒకప్పుడు ఇలాగే నాలుగు తెల్ల ఎల్‌ఈడీలను పోయాయనుకుని చెత్తబుట్టలో వేశాను. ఎర్రదానికి సుమారు 2 వోల్టులు చాలు, తెల్లదానికి 3 దాకా కావాలి. పారలల్‌గా కలిపితే అన్నింటికీ అందేది ఒకటే వోల్టేజీ. ఎర్రవి 2 దగ్గరే కరెంటంతా లాగేసుకుంటాయి, పిన్ ఇచ్చే 5లో మిగతా 3 వోల్టులూ రెసిస్టర్ మీదే పడిపోతాయి. మల్టీమీటర్ ఉంటే తెల్లదాని రెండు కాళ్లకీ పెట్టి చూడండి, 2 దగ్గర ఆగి ఉంటుంది. ఎర్రవి ఒక్కోటీ పీకండి. రెండోది ఊడిందో లేదో అంకె 3 దాపుల్లోకి వెళ్తుంది, తెల్లవి వెలుగుతాయి.

అందుకని దేని రెసిస్టర్ దానికి. ఎర్రదానికి 220 ఓమ్స్ ఉంచండి, (5 − 2) ÷ 220 అంటే 14 మిల్లీఆంప్స్ లోపే. తెల్లదానికి 150 పెడితే 13 వస్తుంది. ఒకే రంగువైనా రెసిస్టర్ పంచుకోనివ్వకండి, ఒకటి ఎక్కువ తాగి ఇంకోటి మసకబారుతుంది.

ఇక్కడే ఇంకో చిక్కు. నాలుగూ కలిస్తే 54 మిల్లీఆంప్స్. ఊనో పిన్ ఎట్టి పరిస్థితుల్లోనూ 40 దాటకూడదు, 20 దగ్గర ఉంచితే దానికి సుఖం. కాబట్టి మధ్యలో ఒక బీసీ547 ట్రాన్సిస్టర్ పెట్టండి, పిన్ ఇచ్చే కొద్ది కరెంటుతోనే పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్‌లాంటిదది. చదునైన ముఖం మీవైపు, కాళ్లు కిందికి ఉంచి చూస్తే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. ఎల్‌ఈడీల పొడుగు కాళ్లు రెసిస్టర్ల గుండా 5 వోల్టుల పిన్‌కి, పొట్టి కాళ్లన్నీ కలెక్టర్‌కి, ఎమిటర్ గ్రౌండ్‌కి. 9వ పిన్ నుంచి బేస్‌కి 1 కిలో ఓమ్ రెసిస్టర్ తప్పనిసరి, తొందరలో అందరూ మర్చిపోయేది అదే.

128 సంగతంటారా, ప్రోగ్రామ్‌లో తప్పేం లేదు. పిన్ చాలా వేగంగా ఆన్, ఆఫ్ అవుతుంటుంది కాబట్టి ఎల్‌ఈడీ నిజంగానే సగం సేపే వెలుగుతోంది, మన కంటికే ఆ తేడా అంతగా ఆనదు. 55 దగ్గర మొదలుపెట్టి, సగం అనిపించేదాకా అటూ ఇటూ మార్చి చూసుకోండి.