ఏఎక్స్‌ఎన్‌ని ముంచింది ఓటీటీ కాదు, మాటలు

"ఒకప్పుడు అంత పేరున్న ఏఎక్స్‌ఎన్ ఛానల్ ఇండియాలో ఎందుకు మూతపడింది?" అన్నది ప్రశ్న. ఏఎక్స్‌ఎన్ అంటే సోనీ వాళ్ళ ఇంగ్లీషు ఛానల్. ఎవర్ని కదిపినా ఒకటే జవాబు: నెట్‌ఫ్లిక్స్ వచ్చింది, ఇది పోయింది.

నేనొప్పుకోను. నెట్‌ఫ్లిక్స్ మన దేశానికి వచ్చింది 2016 జనవరిలో. ఏలూరులో మా ఇంట్లో ఏఎక్స్‌ఎన్ పెట్టడం అంతకు చాలా ముందే మానేశారు. 2020 జూన్ నెలాఖరుతో ఛానల్ ఎత్తేస్తున్నారని వార్త వస్తే మా బాబాయి "అదింకా వస్తోందేంట్రా?" అన్నాడు. నన్నడిగితే జవాబంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

ఆ ఛానల్ మంచి ఊపు మీదున్న రోజుల్లో మా ఇంట్లో ఇంగ్లీషు వచ్చినవాళ్ళు లేరు. నాది మున్సిపల్ స్కూల్లో తెలుగు మీడియం. బాబాయికి లారీల మీద రాసుండేవి తప్ప ఇంగ్లీషు ముక్క రాదు. మామ్మ తెలుగులో సంతకమే కూడబలుక్కుని పెట్టేది. అయినా రాత్రి భోజనాలయ్యేసరికి అందరం టీవీ ముందే, ఫియర్ ఫ్యాక్టర్ కోసం. ఎరగనివాళ్ళకి చెప్తున్నా: మామూలు మనుషులొచ్చి మూడు సాహసాలు చెయ్యాలి. ఒకటి ఎత్తు మీదనుంచో, నీళ్ళలోనో ఉంటుంది. మధ్యలోది ఎక్కువగా ఏదో అసహ్యమైనది తినడం. చివరిదాకా నిలిచినవాళ్ళకి 50,000 డాలర్లు.

ఒక ఎండాకాలం రాత్రి నాకు బాగా గుర్తు. కొత్త చింతపండు దిగే రోజులు. మామ్మ కింద పీటేసుకుని పిక్కలు తీస్తోంది, మోచేతుల దాకా జిగురు. టీవీలో ఒక అమ్మాయి ముందు ప్లేటు పెట్టారు. ప్లేటులో బొద్దింకలు. మన వంటింటి బొద్దింకలు కాదు, బొటనవేలంత లావువి, బతికున్నవి, మీసాలు ఆడిస్తున్నాయి.

"అదేంట్రా, ఆ పిల్లకి అన్నం పెట్టే దిక్కు లేదా?" అంది మామ్మ.

అది పందెం మామ్మా, తింటే డబ్బులిస్తారు అన్నాను. ఎంత అంది. అప్పట్లో డాలరు 45 రూపాయల దగ్గరుండేది. బాబాయి వేళ్ళు మడిచి లెక్కేసి, గెలిస్తే ఇరవై రెండు లక్షల పైనే అన్నాడు. మామ్మ చింతపండు పక్కన పెట్టేసింది.

"ఇరవై రెండు లక్షలిచ్చేవాడు కాస్త ఉప్పూ కారం వేసి వేయించి పెట్టచ్చుగా! పచ్చివి పెడతాడేంటి, వాడి మొహం!"

ఆ అమ్మాయి కళ్ళు మూసుకుని ఒకటి నోట్లో పెట్టుకుంది. రెండు కాళ్ళు పెదాల బయట కదులుతున్నాయి. మా తమ్ముడు మొహానికి చేతులు అడ్డం పెట్టుకుని వేళ్ళ సందులోంచి చూస్తున్నాడు. కార్యక్రమం నడిపే యాంకర్ జో రోగన్ పక్కన నుంచుని ఏదో అరుస్తున్నాడు, ఏమంటున్నాడో ఎవడికి కావాలి? ఈలోపు మా మామ్మే అంతకంటే గట్టిగా అరిచింది: "నమలకమ్మా! నమలకుండా మింగెయ్! నీళ్ళు తాగు! ఒరేయ్, దానికి నీళ్ళివ్వండ్రా!" ఆ పిల్ల మింగలేకపోయింది. భళ్ళున కక్కేసింది. మామ్మ మొహం చూడాలి, సొంత మనవరాలు పది తప్పినట్టు. "నోటిదాకా వచ్చింది పోగొట్టుకుంది" అని పడుకునేదాకా సణుగుతూనే ఉంది. మర్నాడు గోడ మీంచి పక్కింటావిడకి కథంతా చెప్పింది. సాయంత్రానికి ఆ ఇరవై రెండు లక్షలు యాభై అయ్యాయి, బొద్దింకలు బకెట్టెడయ్యాయి.

ఇప్పుడు చెప్పండి, ఆ కార్యక్రమానికి డబ్బింగ్ కావాలా? సబ్‌టైటిల్స్ కావాలా? ఎవడో భయపడుతున్నాడు, ఇంకొకడు దూకుతున్నాడు, ఒకడు గెలిచాడు. ది అమేజింగ్ రేస్ కూడా అంతే. సామాన్లు మోసుకుంటూ మొగుడూ పెళ్ళాలో, స్నేహితులో ఇద్దరిద్దరు దేశాలు పట్టుకు పరిగెడుతుంటారు, టాక్సీ దొరక్క తిట్టుకుంటుంటారు. మొగుడూ పెళ్ళాల తిట్లకి భాషేంటి? దాన్నే ఏషియా వాళ్ళతో 2006లో ది అమేజింగ్ రేస్ ఏషియా అని తీసి ఇదే ఛానల్లో వేశారు. మలేషియా నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు గెలిచారు. అది ఛానల్‌కి మంచి రోజుల్లో మంచి రోజు.

మధ్యలో 2007 జనవరిలో ఆ నిషేధం గోల ఒకటి. ప్రపంచంలోని ఘాటైన వ్యాపార ప్రకటనలన్నీ ఏరి చూపించే కార్యక్రమం ఒకటి వేసేవారు. అది కేబుల్ చట్టం కింది ప్రోగ్రామ్ కోడ్‌కి విరుద్ధమని కేంద్ర సమాచార ప్రసార శాఖ కొన్నాళ్ళపాటు ఛానల్‌నే ఆపించింది. పేపర్లో చదివి బాబాయి "రోజూ మీరు చూసేది ఇదా?" అని నా మీద లేచాడు. పక్కనే కూర్చుని ఫియర్ ఫ్యాక్టర్ చూసింది తనే! అప్పటిదాకా ఆ ఛానల్ పేరు పలకడం రాని మా వీధి కుర్రాళ్ళందరికీ నంబరు కంఠతా వచ్చింది మాత్రం ఆ వారంలోనే. నిషేధాలు చేసే మేలు ఇదే.

సరే, అసలు సంగతికొస్తా. రానురాను పరుగులూ దూకుళ్ళూ తగ్గాయి, సీరియళ్ళు పెరిగాయి. సీఎస్ఐ అనీ ఇంకోటనీ. చీకటి గదిలో టార్చిలైటు వేసుకుని ఇద్దరు నుంచుంటారు, కింద శవం ఉంటుంది, గంటసేపు మాట్లాడుకుంటారు. చెడ్డవని నేననను. కానీ బాబాయి ప్రతి రెండు నిమిషాలకీ "ఏమంటున్నాడ్రా?" అంటాడు. నేను కూడదీసుకుని ఒక ముక్క చెప్పేలోపు అక్కడ హంతకుడు దొరికిపోయుంటాడు. కొన్నాళ్ళు చూసి, రిమోట్ లాక్కుని తెలుగు డబ్బింగ్ జాకీ చాన్ సినిమా పెట్టుకున్నాడు. ఆ రిమోట్ మళ్ళీ నా చేతికి రాలేదు. అటు ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళేమో అవే సీరియళ్ళు డౌన్‌లోడ్ చేసుకుని ఒక్క రాత్రిలో చూసేసేవాళ్ళు. వారం వారం ప్రకటనల మధ్య చూసే ఓపిక వాళ్ళకెక్కడిది? ఇటు మేమూ లేము, అటు వాళ్ళూ లేరు. నెట్‌ఫ్లిక్స్ వచ్చేటప్పటికి అక్కడ మిగిలిందేముంది పట్టుకుపోవడానికి?

అయినా అన్నేళ్ళు ఎలా నెట్టుకొచ్చింది అంటే, డబ్బు కడితేనే వచ్చే పే ఛానల్ అన్నమాటే గానీ మనకా సంగతి తెలిసేది కాదు. పాత కేబుల్ రోజుల్లో నెలకింత అని కేబులబ్బాయికి ఇస్తే చాలు, ఏ ఛానల్‌కి ఎంతన్నది ఆయన తలనొప్పి. ఆయనా తక్కువ తినలేదు. ఊళ్ళో ఉన్న కనెక్షన్లలో సగం దాచి ఛానల్ వాళ్ళకి లెక్క చెప్పేవాళ్ళు, ఈ వ్యాపారంలో అందరికీ తెలిసిన రహస్యమే అది. పైగా నెలకోసారి ఛానళ్ళ వరస మార్చేసేవాడు. క్లైమాక్స్‌లో ఉన్నప్పుడే బొమ్మ పోయేది. ఫోన్ చేస్తే "వైరు కోతులు తెంపాయండి" అనేవాడు. మా వీధిలో కోతి కనపడ్డ పాపాన పోలేదు.

తర్వాత సెట్‌టాప్ బాక్సులొచ్చాయి. ఆపైన 2019 ఫిబ్రవరి నుంచి, టీవీ, ఫోన్ కంపెనీలకి నియమాలు పెట్టే ట్రాయ్ కొత్త పద్ధతి తెచ్చింది. అప్పట్లో 100 ఛానళ్ళకి 130 రూపాయలు, ఆపైన జీఎస్టీ, పే ఛానళ్ళకి విడిగా కట్టుకోవాల్సి వచ్చేది. ప్రతి ఛానల్ పక్కనా దాని ధర అచ్చేసి చేతికిచ్చారు. మా ఇంట్లో ఆ కాగితం ముందేసుకుని బేరసారాలు చూడాలి! పిన్నికి సీరియళ్ళ ఛానల్ లేకపోతే ఇల్లు కదలదు, బాబాయికి వార్తలు, తమ్ముడికి క్రికెట్. ఏఎక్స్‌ఎన్ దగ్గరికొచ్చేసరికి ఎవరూ నోరు విప్పలేదు, పెన్ను కిందికి దిగిపోయింది. దేశమంతా ఇళ్ళలో ఇదే జరిగుంటుందని నా గట్టి నమ్మకం. ఆ మరుసటి ఏడాదే ఏఎక్స్‌ఎన్ పోయింది. అదే ఏడాది డిసెంబరులో ఇంకో ఇంగ్లీషు ఛానల్ హెచ్‌బీఓ కూడా మన దగ్గర సర్దేసుకుంది.

ఫియర్ ఫ్యాక్టర్ హిందీలో వస్తోందిగా, ఖతరోం కే ఖిలాడీ చూడమంటారు కొందరు. 2008లో అక్షయ్ కుమార్‌తో మొదలైనప్పుడు చూశాను. సినిమావాళ్ళు, సీరియల్ వాళ్ళు వచ్చి ఒక స్టంట్‌కి ముందు పావుగంట ఏడుస్తారు, తర్వాత పావుగంట కౌగిలించుకుంటారు. అక్కడా మాటలే. మామ్మ ఒక్కరోజు చూసి "వీళ్ళకి డబ్బుకేం తక్కువ, బొద్దింకలు తినే ఖర్మేంటి?" అని లేచి వెళ్ళిపోయింది.

ఇంకోటి. ఏఎక్స్‌ఎన్ అన్ని దేశాల్లోనూ పోయిందనుకుంటున్నారు చాలామంది. పోలేదు. ఆగ్నేయాసియాలో నడిచే ఏఎక్స్‌ఎన్‌ని సోనీ 2020లోనే కేసీ గ్లోబల్ మీడియా అనే సంస్థకి ఇచ్చేసింది, మన దగ్గర ఆగాక కూడా అక్కడ నడిచింది. తెలుగులో ఎవరైనా మామూలు మనుషుల్ని పెట్టి, యాంకర్ నోరు కట్టేసి, అలాంటి ఛానల్ ఒకటి పెడితే నెలకి పది రూపాయలు కట్టడానికి నేను సిద్ధం. బాబాయి దగ్గర కూడా నేనే ఇప్పిస్తాను.