గ్రహణం లేని రాత్రులను వదులుకోకు

చిరంజీవి శ్రీకాంత్‌కు,

మామయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. కొత్తగా కొన్న ఎనిమిది అంగుళాల టెలిస్కోపుతో కన్యారాశిలోని ఎన్‌వై వర్ అనే జంట నక్షత్రం మీద పని మొదలుపెడతానని రాశావు. దాని మీదికి నీ మనసు పోవడంలో వింతేమీ లేదు. 30,000 కెల్విన్ పైబడిన వేడి గల చిన్న నక్షత్రం, 2 గంటల 25 నిమిషాలకొకసారి తన జోడీ చాటుకు వెళ్లి గ్రహణానికి లోనవుతూ, దాదాపు 184 సెకన్లకొకసారి స్పందిస్తూ (లోపలి కదలికలతో వెలుగు హెచ్చుతూ తగ్గుతూ) ఉండటం ఎవరినైనా ఆకర్షిస్తుంది. అయితే అది పదమూడో మాగ్నిట్యూడు (అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గే కొలమానం) దాటిన మసక చుక్క. మూడు నిమిషాల స్పందనను పట్టుకోవాలంటే ఒక్కో ఎక్స్‌పోజరు పది పదిహేను సెకన్లకు మించకూడదు; అంత కొద్దిసేపట్లో నీ టెలిస్కోపు పోగుచేసే వెలుతురు ఆ పనికి చాలదు. ఈ ఏడాదికి దాన్ని పక్కన పెట్టి ఆర్‌జెడ్ కాస్‌తో మొదలుపెట్టు.

కాసియోపియా రాశిలోని ఈ జంట మామూలుగా 6.2 మాగ్నిట్యూడులో ఉండి, గ్రహణ మధ్యంలో 7.7కు తగ్గుతుంది. ఇందులో వేడిదైన, ‘A’ తరగతికి (తెల్లని వేడి నక్షత్రాల తరగతికి) చెందిన నక్షత్రపు ఉష్ణోగ్రత 8,000 కెల్విన్‌కు పైనే. 5,000 లోపు ఉన్న దాని జోడీ తన గురుత్వం పట్టి ఉంచగల హద్దు నిండేంతగా ఉబ్బిపోయి, పొంగిన పదార్థాన్ని వేడి నక్షత్రం మీదికి పారిస్తోంది. ఆ వేడి నక్షత్రం సుమారు 22 నిమిషాలకొకసారి స్పందిస్తోందని జపాన్ పరిశీలకులు 1998లో ప్రకటించారు. ఆ హెచ్చుతగ్గు మాగ్నిట్యూడులో వందో వంతు, మహా అయితే రెండు వంతులు. అదీ ఏటేటా ఒకేలా ఉండదు. గ్రహణపు లోతు దానికి దాదాపు వంద రెట్లు. నీకు ఎదురయ్యే కష్టమంతా ఈ తేడాలోనే ఉంది.

కక్ష్యాకాలం 1 రోజు 4 గంటల 41 నిమిషాలు. ఐదు కక్ష్యలు పూర్తయ్యేసరికి ఆరు రోజులకు 34 నిమిషాలు తక్కువవుతుంది కనుక, ఒక రాత్రి పదిన్నరకు గ్రహణ మధ్యం దొరికితే ఆరు రోజుల తరువాత రాత్రి 9 గంటల 56 నిమిషాలకు మళ్ళీ దొరుకుతుంది. ఈ లెక్క చేతిలో ఉండటం వల్లనే చాలామంది గ్రహణపు రాత్రులకే మేడ ఎక్కుతారు. నేనూ మొదటి సీజనంతా అలాగే చేశాను. తరువాత ఆ రాత్రుల వెలుగు వక్రం (సమయంతో వెలుగు మారే తీరు చూపే గ్రాఫు) మీద పెద్ద ఘాతపు బహుపదిని, అంటే ఎన్నో వంపులు తిరగగల గణిత రేఖను, నున్నగా గీసి, దాన్ని తీసివేసి చూస్తే స్పందన జాడ కూడా మిగలలేదు. నక్షత్రం స్పందించడం మానేసిందనుకున్నాను. నిజానికి గ్రహణంతో పాటు స్పందనను కూడా ఆ బహుపదే మింగేసింది.

కాబట్టి నీ రాత్రుల్లో కనీసం సగం గ్రహణం లేనివై ఉండాలి. స్పందన కాలాన్ని, ఎత్తును ఆ రాత్రుల నుంచే తెలుసుకోవాలి. దాన్ని గ్రహణపు రాత్రి కొలతల్లోంచి తీసివేసి, మిగిలినదానికి జంట నమూనాను (రెండు నక్షత్రాల పరిమాణాలు, వేడి, కక్ష్యల నుంచి గ్రహణాన్ని లెక్కగట్టేదాన్ని) సరిపెట్టి, ఆ నమూనాను మళ్ళీ అసలు కొలతల్లోంచి తీసి స్పందనను తిరిగి చూడాలి. రెండు మూడు సార్లు ఇలా అటూ ఇటూ తిరిగాక, గ్రహణం జరుగుతున్నప్పుడు ఆ చిన్న అల ఏమవుతోందో బయటపడుతుంది. చల్లని జోడీ వేడి నక్షత్రపు బింబాన్ని కొంచెం కొంచెంగా కప్పుతూ పోతుంది కనుక, అల ఎత్తు ఎక్కడ పెరిగింది, ఎక్కడ తగ్గింది అన్నదాన్ని బట్టి ఆ ఉపరితలంలో ఏ భాగం ఎలా కదులుతోందో అంచనా కట్టవచ్చు. ఒంటరి నక్షత్రం ఈ అవకాశం ఇవ్వదు. ఈ జంటల మీద నాకు ఇంత ఇష్టం దానివల్లనే.

ఇక పని సంగతి. కర్నూలు నుంచి ఈ నక్షత్రం ఉత్తరాన 36 డిగ్రీల ఎత్తుకు మించి రాదు, కానీ 25 డిగ్రీల పైన ఎనిమిది గంటలు నిలుస్తుంది. నవంబరు, డిసెంబరు నెలలు అనువైనవి. నీలం ఫిల్టరు వాడు, స్పందన అందులోనే ఎక్కువగా కనిపిస్తుంది. నక్షత్రం ప్రకాశవంతమైనది కనుక ఫోకస్ కాస్త తప్పించి, పిక్సెళ్లు నిండిపోకుండా చూసుకో. పోలిక నక్షత్రం (దీని వెలుగును పోల్చి కొలవడానికి తీసుకునే, వెలుగు మారని చుక్క) దగ్గరలోనిదే కాక రంగులోనూ దీనికి దగ్గరగా ఉండాలి, లేకపోతే నక్షత్రం ఆకాశంలో కిందికి దిగేకొద్దీ గాలి చేసే మార్పును స్పందన అని పొరబడతావు. మౌంట్ (టెలిస్కోపును తిప్పే పీఠం) మధ్యాహ్నరేఖ (నడినెత్తి మీదుగా ఉత్తర దక్షిణాలను కలిపే గీత) దగ్గర తిరగబడినప్పుడు వక్రంలో చిన్న మెట్టు పడుతుంది. ఆ సమయాన్ని పుస్తకంలో రాసి పెట్టు. కంప్యూటరు గడియారాన్ని ప్రతి రాత్రీ ఇంటర్నెట్‌తో సరిచూడు. భూమి కక్ష్య వల్ల కాంతి చేరే సమయంలో వచ్చే నిమిషాల తేడాను కూడా సరిచేయి.

మంచు విషయంలో మాత్రం ఏమరుపాటు వద్దు. ఒక డిసెంబరు రాత్రి రెండు గంటలకు, లెక్క ప్రకారం గ్రహణం రావలసిన సమయానికి చాలా ముందే గ్రాఫు వంగడం మొదలైంది. పోలిక నక్షత్రం కూడా తగ్గిందని గమనించి, టార్చి పక్కనుంచి వేసి చూస్తే, టెలిస్కోపు ముందరి గాజు మీద ఊపిరి తగిలిన అద్దంలా తెల్లని పొర కనిపించింది. దాన్ని గుడ్డతో తుడవకు. మొదటి నుంచే వేడి పట్టీ చుట్టి ఉంచు.

ఒకే ఊరి నుంచి చూస్తే పగళ్ల ఖాళీల వల్ల స్పందనల లెక్కలో అసలు పౌనఃపున్యానికి (రోజుకు ఎన్నిసార్లు అన్నదానికి) అటూ ఇటూ రోజుకొకసారి తేడాతో దొంగ పౌనఃపున్యాలు వస్తాయి. డల్లాస్‌లో ఉన్న మీ అక్కయ్య తన టెలిస్కోపుతో అదే వారం, అదే ఫిల్టరులో చూడగలిగితే ఆ చిక్కు చాలావరకు తీరుతుంది. తనకు నేనూ రాస్తాను. మొదటి మూడు రాత్రుల ఫ్రేములను, ఏమీ దిద్దకుండా, సమంగా వెలిగే తెరను తీసిన ఫ్రేములైన ఫ్లాట్‌లతో సహా నాకు పంపు. పోలిక నక్షత్రం ఎంత నిలకడగా ఉందో చూశాక గ్రహణపు రాత్రిని ఎంచుకుందాం.

ఆశీస్సులతో,
మామయ్య