ఎలక్ట్రిక్ కారు 120 కిలోవాట్ ఛార్జర్‌లో 58 దాటడం లేదంటే

చాలావరకు పక్క గన్‌కి (కారుకి పెట్టే ఛార్జింగ్ ప్లగ్) ఇంకో కారు తగిలించి ఉండటమే కారణం. బాక్సు మీద రాసే 120 సాధారణంగా రెండు గన్‌లకూ కలిపి. రెండో కారు రాగానే చెరో 60.

మీ కారు 100 కిలోవాట్లు తీసుకోగలదు, బ్యాటరీ 30 శాతమే ఉంది, అయినా అంకె 58 దగ్గర గీత గీసినట్టు నిలబడిందా? అదే గుర్తు. బ్యాటరీ చల్లగా ఉంటే అంకె మెల్లగా పెరుగుతుంది, నిండుతుంటే మెల్లగా తగ్గుతుంది. సాధారణంగా ఇలా కదలకుండా ఉండదు.

ఎక్కువమంది వదిలేసేది ఇది: పక్క కారు వెళ్లిపోయినా, కొన్ని ఛార్జర్లు మీ సెషన్ ముగిసేదాకా మిగతా 60ని మీకు ఇవ్వవు.

1. యాప్‌లో స్టాప్ నొక్కండి.
2. లాక్ వదిలాక గన్ పూర్తిగా బయటికి తీసి స్టాండులో పెట్టండి. గన్ తీయకుండా మళ్లీ స్టార్ట్ నొక్కితే చాలాసార్లు పాత వాటాయే కొనసాగుతుంది.
3. స్క్రీన్ మీద గన్ ఖాళీ అని వచ్చాక దాన్ని కారులో చివరిదాకా నొక్కి పెట్టి, కొత్త సెషన్ మొదలుపెట్టండి.
4. రెండు నిమిషాలు ఆగి కిలోవాట్లు కాదు, ఆంపియర్లు చూడండి.

ఆంపియర్లు సరిగ్గా 200 దగ్గర ఆగితే అది కేబుల్ పరిమితి కావచ్చు. 350 వోల్టుల బ్యాటరీకి 200 ఆంపియర్లంటే 70 కిలోవాట్లే. గన్ ఎన్నిసార్లు తీసి పెట్టినా అది మారదు.

80 శాతం దాటాక వేగం పడిపోవడం మామూలే, దానికి సెషన్ ఆపకండి.